పది తర్వాత తొంభై

పోయిన నెల మా పాత అగ్గిపెట్టెల గోడౌను కూలగొట్టిస్తుంటే అటక మీది నుంచి ఒక కంప్యూటరు తెర దిగింది. పచ్చ అక్షరాలు తప్ప ఇంకో రంగు ఎరగని కాలపు తెర. ముందు నుంచి చూస్తే పలకంత, పక్క నుంచి చూస్తే నీళ్ళకాగంత. దాని మీది బూజు తడిగుడ్డతో తుడిచేసరికి, కరెంటు లేకుండానే, అద్దం లోపల ఒక మాట మసకగా కనబడింది. ఆ కాలపు తెరలకు ఒక జబ్బుండేది. ఒకే మాట ఒకే చోట రోజుల తరబడి వెలుగుతూ ఉంటే లోపలి పూత కమిలిపోయి, ఆ మాట మచ్చలా నిలిచిపోయేది. ఇంగ్లీషు లిపిలో అయిదు అక్షరాలు: ఎన్, ఇ, ఆర్, ఎ, ఎమ్. తెర దించిన మేస్త్రీ పలమనేరు వైపు తెలుగు మనిషి. కూడబలుక్కుని "నేరం" అని చదివి, నా మొహం ఒకసారి చూసి, తెరను పసిబిడ్డలా కింద పెట్టి, "ఇది పోలీసోళ్ళదా సార్?" అన్నాడు.

"కాదప్పా, నాదే" అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అతనికి ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానం ఇక్కడ చెబుతాను. నేను చెప్పేదాన్ని సగానికి తగ్గించుకుని వినడం గుడియాత్తంలో అందరికీ అలవాటు. మీరు కొత్తవాళ్ళు గనక ముప్పాతిక నమ్మండి, చాలు.

మా అప్పకు, అంటే నాన్నకు, తమిళ గడ్డ మీది గుడియాత్తంలో ఒక చిన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. వరసగా రేకుల షెడ్లు, వాటి ముందు ఎండలో ఆరే పెట్టెలు, అవి తడవకుండా మెడ పైకెత్తి మబ్బు కోసం కాపలా కాసే మా అప్ప. ఇల్లూ ఫ్యాక్టరీ ఒకే ప్రహరీలో ఉండేవి గనక మా బతుకంతా ఆ వాసనే. ఉడికిన మైదా గంజి, కరిగిన మైనం, పుల్లల తలలకు పూసే మందు, వీటన్నిటి మీదా పొద్దున్నే వంటింట్లో వేగే మిరపకాయల ఘాటు. పండగనాడు పాయసం తాగినా చివరి గుక్కలో ఎక్కడో అగ్గిపుల్ల తగిలేది. షెడ్డు గోడకు వీపు ఆనించి జారితే మా చొక్కాలు అంటుకుంటాయని నేను బళ్ళో చెప్పేవాణ్ణి. ఒక అయ్యవారు నమ్మి, నన్ను కొన్నాళ్ళు కిటికీ దగ్గర విడిగా కూర్చోబెట్టాడు. అప్పకు మాత్రం ఆ వాసనలేవీ తెలిసేవి కావు. ఆయన చెవితో బతికే మనిషి. తయారైన పెట్టె ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి, "దీంట్లో పుల్లలు తక్కువుండాయి" అని పక్కన పడేసేవాడు. విప్పి చూస్తే నిజంగానే తక్కువుండేవి. ఆ అలవాటు కొద్దీ కొబ్బరికాయలు, మందు సీసాలు, ఒకసారి కొత్తగా పుట్టిన మా తమ్ముణ్ణి కూడా చెవి దగ్గర ఆడించి చూశాడు.

ఇంటి పెత్తనం మా అవ్వది, అంటే అప్ప తల్లిది. ఆమె రాజ్యం వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడే, రోజుకొక కాగితం చింపే కేలండరుతో మొదలయ్యేది. ఆ కాగితం చింపే హక్కు ఇంకెవరికీ లేదు. ఒకసారి తెలియక నేను చింపితే, నేను చింపిన రోజు చెల్లదని, సాయంత్రం దాకా ఇంట్లో నిన్నటి తిథే నడిపించింది. చింపిన తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, ఆ రోజు మంచి ఘడియలు ఎప్పుడో తమిళంలో వీధికి వినబడేట్టు చదివేది. కేలండరు వాటిని "నల్ల నేరం" అంటుంది. మేమూ అదే అనేవాళ్ళం. మేము తాతల కాలం నుంచీ తెలుగువాళ్ళమే గాని తెలుగు అక్షరం ముక్క ఒక్కరికీ రాదు. మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం, తిట్టుకునేది రెండూ కలిపి. ఏ మాట ఏ భాషదో మాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. పొద్దున నిద్ర లేపాలంటే "నేరమాయె, లెయ్‌రా" అనేవాళ్ళు. పనిలో ఉంటే "ఇప్పుడు నేరం లేదు, పో" అనేవాళ్ళు. తమిళంలో నేరమంటే కాలం, సమయం, టైము. తెలుగులో ఆ మాటకు జైలు దాకా తీసుకుపోయే ఇంకో అర్థముందని మా వీధిలో ఎవరూ చెప్పలేదు. నల్ల సంగతీ అంతే. తమిళంలో నల్ల అంటే మంచి. మా ఇంట్లో పిల్లి నల్లదైతే అది తెలుగు నలుపు, నేరం నల్లదైతే అది తమిళ మంచి. ఈ వ్యాకరణం మాకెవరూ నేర్పలేదు, ఎవరమూ తప్పలేదు.

నేను వేలూరులో డిగ్రీ, దాని వెంట ఒక కంప్యూటరు కోర్సు ముగించుకుని వచ్చి, అగ్గిపెట్టెలు నావల్ల కాదు, కంప్యూటరు నేర్పే సెంటరు పెడతానన్నాను. నాలుగు రోజులు అలిగి, అయిదో రోజు అప్ప ఒప్పుకున్నాడు. బజారు వీధిలో మిద్దె మీద ఒక గది దొరికింది. ఆ ఇంటాయన తమిళాభిమానపు పార్టీ ఒకదానికి వార్డు కార్యదర్శి. పేరు ఎళిల్‌వేందన్, అంటే అందాల రాజు. ఆ పేరు ఆయనకు ఆయనే పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ మాత్రం కింద వంటింట్లోంచి "ఒరే ఎంకటేసూ, కాపీ ఆరిపోతాదిరా" అనే పిలిచేది. ఆయన లోపలికి పోయి తెలుగులో కాఫీ తాగి, గడప దాటి తమిళంలో మూతి తుడుచుకునేవాడు. గడప ఇవతల తెలుగు మాట ఒక్కటి ఆయన నోట ఎవరూ వినలేదు. సెంటరు ప్రారంభోత్సవం మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా రాహుకాలంలోనే జరగాలన్నాడు. మా అవ్వ తెల్లవారుజామునే వచ్చి కర్పూరం వెలిగించి, కీబోర్డుకు వరసగా కుంకుమబొట్లు పెట్టిపోయింది. ఆయన రిబ్బను కత్తిరించి, ఒక మీట నొక్కి, ఎర్రబడ్డ వేలిని చూసుకుని, పార్టీ జెండాలో కూడా ఆ రంగు ఉంది గనక ఏమీ అనలేదు.

నేర్పడానికి పాఠాలున్నా, జనం వచ్చింది నేను రాసిన ఆట కోసం. తెర పైనుంచి అగ్గిపుల్లలు రాలుతుంటాయి. కింద ఒక పెట్టె. రెండు మీటలతో పెట్టెను అటూ ఇటూ జరుపుతూ పుల్లల్ని పట్టాలి. ఇంటి వ్యాపారం వద్దని పోయినవాడు రాసింది అది. మొదట అందులో టైము లేదు. దాంతో కూర్చున్నవాడు లేవడు. ఒక లుంగీల వ్యాపారి పొద్దున కూర్చుంటే, మధ్యాహ్నం ఆయన భార్య క్యారియరు తెచ్చి, పక్కన నిలబడి ముద్దలు పెట్టి పోయింది. అప్పుడు తెర మూలలో ఒక అంకె పెట్టాలనుకున్నాను. అరవైతో మొదలై ఒక్కొక్కటే తగ్గుతూ రావాలి, సున్నా దగ్గర ఆట ఆగాలి. కాని నాకు వచ్చిన చదువుకు కంప్యూటరుకు సెకండంటే ఏమిటో చెప్పడం చేతకాలేదు. ఊరికే ఒక సంఖ్య దాకా నీలో నువ్వు లెక్కపెట్టుకో, అదే ఒక సెకండు అన్నాను. ఎంత దాకా లెక్కపెట్టాలి? మా గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. అవ్వను తెచ్చి కూర్చోబెట్టాను. ఒక గోవిందకు ఒక సెకండు. ఆమె గోవిందా గోవిందా అంటుంటే నేను ఎక్కువా తక్కువా సరిచూసుకుంటూ పోయి, చివరికి ఒక సంఖ్య ఖాయం చేశాను. మధ్యలో ఆమెకు ఆవులింత రావడంవల్ల గుడియాత్తం సెకండు మిగతా దేశం సెకండు కన్నా కాస్త పొడుగు. కంప్యూటరు ముందువైపు వేగం పెంచే బొత్తాం ఒకటి ఉండేది. అది నొక్కితే లెక్క త్వరగా ముగిసి సెకండు కురచైపోయేది. నాకు గిట్టినవాళ్ళకు పొడుగు నిమిషం, గిట్టనివాళ్ళకు పొట్టి నిమిషం. ఎవరైనా అనుమానించి అడిగితే, మరమగ్గాలు నడిచేటప్పుడు ఓల్టేజీ పడి కాలం ముడుచుకుంటుందని చెప్పేవాణ్ణి. ఊరు నమ్మింది. మగ్గాల యజమాని ఒకాయన వచ్చి క్షమాపణ కూడా చెప్పిపోయాడు.

ఆ అంకె పక్కన మొదట ఇంగ్లీషులో టైమ్ అని ఉండేది. ఎళిల్‌వేందన్ ఒకరోజు పైకి వచ్చి అది చూసి, "టైమ్-ఆ? తమిళ్ ఎంగే?" అన్నాడు. తమిళం ఎక్కడ అని. ఈ యంత్రంలో తమిళ అక్షరాలు లేవన్నాను. అక్షరం ఎవరిదైతేనేం, మాట మనది కావాలన్నాడు. నేను టైమ్ చెరిపి అదే లిపిలో నేరం అని కొట్టేదాకా నా వెనక నుంచి కదల్లేదు. సాయంత్రానికి వీధిలో మైకు పెట్టించి, గుడియాత్తంలో తెర ఎక్కిన మొదటి తమిళ మాట ఇదని మాట్లాడి, పైకి వచ్చి కంప్యూటరుకు చందనం మాల వేశాడు. ఆ గౌరవం చెడకుండా ఆ తెర పగలంతా వెలిగే ఉండాలని ఆజ్ఞ. అలా వెలిగీ వెలిగీ పడిందే ఆ మచ్చ.

ఇదిలా ఉండగా నాకు వసంత కావలసి వచ్చింది. విరించిపురం గుడిలో ఒక పెళ్ళికి పోయి, పంక్తిలో కూర్చుని, ఎదుటి వరసలోని పిల్లను చూస్తూ నా విస్తరాకును నేనే తిప్పి వేసుకున్నాను. ఆ పిల్ల పక్కనున్న ఆమెతో, నాకు వినబడేట్టే, "ఆకు తిరగేసుకున్నాడు చూడత్తా, అన్నం యాడ పెట్టించుకుంటాడో" అంది. ఆ రోజు నేనేం తిన్నానో నాకు తెలియదు. వాళ్ళది మదనపల్లె. తండ్రి చెంగల్రాయప్ప, కోర్టులో బెంచీ గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. మాకు దూరపు చుట్టరికమే. అప్ప కబురు పంపాడు. "అబ్బి ఏం చేస్తాడు?" అని తిరుగు కబురు. కంప్యూటరు అని అప్ప చెప్పించాడు. "కంప్యూటరు చేస్తాడా, కంప్యూటరుతో ఏమైనా చేస్తాడా?" అని ఇంకో కబురు. ఆయన గవర్నమెంటు ఉద్యోగం తప్ప ఇంకోదాన్ని ఉద్యోగమనడని, నన్ను చూసి కాదు, నా పనిని చూసి తేలుస్తాడని అర్థమైంది. ఆ పిల్ల దక్కకపోతే పాలార్లో దూకుతానని అవ్వతో అన్నాను. "పాలార్లో నీళ్ళు యాడుండాయిరా, ఇసకలో దూకతావా?" అంది అవ్వ.

భార్య మోకాళ్ళు చూపించడానికి చెంగల్రాయప్ప వేలూరి ఆస్పత్రికి వచ్చి, తిరుగు ప్రయాణంలో గుడియాత్తంలో దిగాడు. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం, తర్వాత నా సెంటరు, అక్కణ్ణుంచి సాయంత్రం పలమనేరు బస్సు. వెంట వసంత కూడా ఉంది. ఆయనకు తమిళం బొత్తిగా రాదు. ఆస్పత్రిలో రెండు రోజులు తమిళం విని విసిగిపోయి, మా ఇంట్లో తెలుగు వినబడగానే చెప్పులు విప్పినంత హాయిగా కూర్చున్నాడు.

"ఏమనుకోవద్దండప్పా" అంది అవ్వ, పప్పు వడ్డిస్తూ. "పొద్దున్నించీ నేరమే దొరకలేదు. ఉన్నంతలో చేసినాము."

చెంగల్రాయప్ప చెయ్యి విస్తట్లో ఆగింది. "ఏం దొరకలేదంటిరి?"

"నేరం."

"మావానికి మాత్రం నేరం తప్పదు" అని అప్ప నన్ను పొగడడం మొదలుపెట్టాడు. "నేరానికి లేస్తాడు, నేరానికి తింటాడు. సెంటర్లో కూసున్నాడంటే నేరం పోయేదే తెలీదు వానికి. పిలకాయలకు గూడా అదే నేర్పిస్తాండాడు."

ఆయన నా వైపు చూశాడు. నేను వినయంగా తల వంచాను. ఒప్పుకున్నట్టు కనబడి ఉంటుంది.

"మీకు ఇష్టమైతే ఆలస్యమెందుకు?" అంది అవ్వ. "నల్ల నేరం చూసి తాంబూలం మార్చుకుందాము. ఈ నెలలో నల్ల నేరాలు శానా ఉండాయి."

"మా పక్క అట్లాటివి చూడమమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి. "మేము ముహూర్తం చూస్తాము."

"అది గూడా చూద్దాము. ముందు నల్ల నేరం, ఆ పైన ముహూర్తం."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆమె మజ్జిగ పోసుకుంటూ ఉంది. ఆ తర్వాత ఆయన పాయసం తాకలేదు. అది అగ్గిపుల్లల వాసనవల్ల అనుకున్నాం మేము.

సెంటరు మెట్లు ఎక్కలేక ఎక్కి, ఆయన భార్య తలుపు పక్క కుర్చీలో మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. అప్ప ఫ్యాను కింద నిలబడ్డాడు. చెంగల్రాయప్పను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. ఆయన కుర్చీ వెనక వసంత, ఆమె ఉన్న వైపు చూడకుండా ఉండడానికి కష్టపడుతూ నేను. ఆట మొదట్లో ఆడేవాళ్ళ పేరు అడుగుతుంది. గౌరవంగా ఆయన పేరు కొట్టాను. తెర మీద పేరు, దాని కింద నేరం, దాని పక్కన అరవై.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, కోర్టులో పిలిచినట్టు చదివాడు. "చెంగల్రాయప్ప. నేరం. అరవై." తర్వాత నన్ను చూసి, "నాయనా, ఇది యా సెక్షను?" అన్నాడు.

ప్రోగ్రాము గురించి అంత లోతుగా అడిగినందుకు పొంగిపోయాను. "ఇది మొదటి సెక్షనే మామా. తమకోసం ఇంకా మూడు పెట్టుండాను" అన్నాను.

ఆట మొదలైంది. పుల్లలు రాలసాగాయి. మూలలో అంకె యాభై తొమ్మిదికి, యాభై ఎనిమిదికి దిగింది. అది చూడగానే ఆయన మొహం కొంచెం తేరుకుంది. పుల్ల పట్టేకొద్దీ నేరం తగ్గుతోంది అనుకున్నాడు. జైల్లో పని చేయించి శిక్ష తగ్గిస్తారు కదా, అలా. ఆ మనిషి పుల్లలు పట్టిన తీరు నేను ఇంకెవరిలోనూ చూడలేదు. పంచె మోకాళ్ళ పైకి ఎగదోసి, నాలుక పళ్ళ మధ్య బిగించి, చెమటలు కక్కుతూ, ఒక్క పుల్లను వదలకుండా పట్టాడు. ముప్పై అయింది. ఇరవై అయింది. "పోతాంది, పోతాంది" అని తనలో తాను అనుకుంటున్నాడు. మిగతావాళ్ళందరూ చివర్లో కింద పుల్లల్నే చూస్తారు. ఈయన ఒక్కడే అంకె వైపే చూస్తున్నాడు. పదకొండు. పది. తర్వాత తొంభై.

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఇదేం న్యాయమప్పా! సర్వీసంతా పైసా ముట్టకుండా చేసినా. నా మింద అరవై పెడితిరి, గమ్మునుంటిని. అంతా కడుక్కున్నాక తొంభైయా?"

ఎందుకు కోపమో మాకెవరికీ అర్థం కాలేదు. "నేరం ఎక్కువైతే మంచిదే గదండీ" అన్నాడు అప్ప, శాంతింపజేయడానికి.

"మంచిదా? ఇంట్లో నేరం, అన్నంలో నేరం, తాంబూలానికి నల్ల నేరం! పిలకాయలకు గూడా నేరమే నేర్పిస్తాండారని మీ నోటితోనే చెప్పిరి. నా బిడ్డను ఈ ఇంట్లో ఇచ్చేదా?"

అప్పుడు గాని నాకు వెలగలేదు. ఆయన నేరం వేరు, మా నేరం వేరు. తెలుగులో చెప్పాలంటే దానికి నాకు ఇంకో మాటే తెలియదు. నా చేత్తో నేను చెరిపిన టైమ్ కూడా ఆ కంగారులో గుర్తు రాక, నేరం బదులు ఏమనాలో వెతుక్కుంటుంటే, కేకలు విని ఎళిల్‌వేందన్ పైకి వచ్చాడు. నేను రెండు చేతులూ జోడించి తమిళంలో విషయం చెప్పాను. ఆయన మెట్ల వైపు చూశాడు. కింద పార్టీవాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. తలుపు మూశాడు. కిటికీ రెక్క కూడా దగ్గరికి వేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఆ గదిలో మొదటిసారి, తెలుగులో మాట్లాడాడు.

"అయ్యా, మా పక్క నేరం అంటే టైమండి."

"టైమా?"

"టైమే. నల్ల అంటే మంచిది."

చెంగల్రాయప్ప ఒక్కొక్క వేలే మడవసాగాడు. భోజనం మొదలైనప్పటి నుంచి ఒక్కొక్క మాటనే వెనక్కి తీసి చూసుకుంటున్నట్టుంది. చివరికి, "నువ్వు తెలుగోనివా?" అన్నాడు.

"ఇంట్లో" అన్నాడు ఎళిల్‌వేందన్.

నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను. చెంగల్రాయప్ప మళ్ళీ కూర్చుని, ఒక వేలు పైకెత్తాడు. "సరే. నేరమంటే టైము, ఒప్పుకున్నా. మరి పది తరవాత తొంభై ఎట్ల వచ్చె? టైమైనా, నేరమైనా, పది తరవాత వచ్చేది తొమ్మిదే గదా?"

అది నాకూ తెలియదు. కాని తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు. "పెద్దవాళ్ళు కూసున్నారంటే దానికి తెలుస్తాది మామా. మర్యాదకు ఇంకొంచెం టైము ఇస్తాది" అన్నాను.

"మర్యాదకా?" ఆయన మీసం కింద ఒక నవ్వు కదిలింది.

"నాకు ఎప్పుడూ ఇయ్యలేదే" అన్నాడు ఎళిల్‌వేందన్, నొచ్చుకుంటూ.

అంతా సర్దుకున్నట్టే. అప్పుడు కుర్చీ వెనక నుంచి కిసుక్కుమని వినబడింది. "సున్నా తుడవలేదు నాయనా, అంతే" అంది వసంత. మేమంతా అరుచుకుంటున్నంతసేపూ ఆమె ఒక్కతే తెరను చివరిదాకా చూసింది. "తొంభై తరవాత ఎనభై, డెబ్భై, అట్ల దిగింది. పదికి రెండు అంకెలు, తొమ్మిదికి ఒకటే. తొమ్మిదిని పోయి ఒకటి మింద రాసినాడు. పక్కనుండే పాత సున్నా అట్లే నిలిచిపాయ. పలక తుడవకుండా రాసినట్ల."

"అంటే ఈ అబ్బి చెప్పింది?"

"అబద్ధం."

అప్ప ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు. చెంగల్రాయప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కోర్టులో ఎంతోమంది సాక్షుల్ని చూసినా నాయనా. అబద్ధం చెప్పే ముందర ఎంతటోడైనా ఒక గుటక మింగుతాడు. నువ్వు అది గూడా మింగలేదే!" అన్నాడు. తర్వాత గడియారం చూసుకుని, "నీకు పని వచ్చా, రాదా, నాకు అదొక్కటే తెలియాల. బస్సు వచ్చేలోపల దీన్ని సరిచెయ్. చేస్తే మాట్లాడుకుందాము. లేదంటే ఇంతటితో సరి" అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వేళ్ళు మీటల మీద పెట్టాను. కరెంటు పోయింది. తెర మూలలో పచ్చ చుక్క ఒకటి కాసేపు నిలిచి ఆరిపోయింది. కరెంటు పోతే ప్రభుత్వాన్ని తిట్టడం ఎళిల్‌వేందన్‌కు అలవాటు. కాని ఆ రోజుల్లో ప్రభుత్వం ఆయన పార్టీదే గనక కిటికీ తెరిచి ఊరుకున్నాడు.

"కరెంటు లేకున్నా చెప్తాను" అన్నాను. "ఏం లేదు మామా, తొమ్మిదికి ముందర ఒక ఖాళీ పెడితే చాలు."

"ముందరెందుకు?" అంది వసంత. "సున్నా ఉండేది వెనక గదా. ఖాళీ వెనక పెట్టాల."

"ముందర పెడితే తొమ్మిది పక్కకు జరిగి సున్నా మిందనే కూసుంటాది. అదే పోతాది."

"అట్ల జరిగితే చూసేవాళ్ళకు అంకె ఎగిరినట్ల ఉండదా?" ఆమె ముందుకు వచ్చి, ఆరిపోయిన తెర మీది దుమ్ములో వేలితో పది రాసింది. దాని కింద తొమ్మిది రాసి, పక్కన అరచేత్తో తుడిచింది. "చూడు. ఇట్ల. ఉన్నచోటనే ఉండాది, ఎగరలేదు."

"ఉన్నచోటంటే? నువ్వు పెట్టింది పదుల స్థానం. ఒకట్ల అంకెను తీసుకుపోయి పదుల చోట నిలబెడితే లెక్క తెలిసినోళ్ళు నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. తొంభై కంటే మేలే గదా!"

"నేను రాసిన ఆట. నాకు తెలీదా?"

"తెలిస్తే సున్నా ఎందుకు మిగిలె?"

మేమిద్దరం అంతకు ముందు ఒకరితో ఒకరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. నేను ఆమె రాసింది తుడిచి నాది రాస్తున్నాను, ఆమె నాది తుడిచి తనది రాస్తోంది. చెంగల్రాయప్ప అటూ ఇటూ తల తిప్పుతూ ఇద్దరు వకీళ్ళను విన్నట్టు వింటున్నాడు. ఏం తేల్చుకోవాలో ఆయనకు తెలియడం లేదు. కింద పలమనేరు బస్సు హారను మోగింది. ఎళిల్‌వేందన్ కిటికీలోంచి తమిళంలో కేకేసి దాన్ని ఆపించాడు. రెండోసారి మోగింది. మేము ఆగలేదు.

అప్పుడు తలుపు పక్క కుర్చీలో, వచ్చినప్పటి నుంచీ నోరు విప్పని ఆయన భార్య, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "ఇంకేం జూస్తారండీ?" అంది మొగుడితో. "అప్పుడే మన మాదిర కొట్లాడుకుంటా ఉండారు. లెయ్యండి, బస్సు పోతాది."

ఆయన లేచాడు. కోర్టులో జడ్జి తీర్పు చెప్పేశాక ఎలా లేస్తారో అలా. మెట్లు దిగుతూ అప్ప భుజం మీద చెయ్యి వేశాడు. అంతే, సంబంధం ఖాయమైపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో నేరం అనే మాట ఎవరూ అనరు. అవ్వ పోయాక కేలండరు చింపేవాళ్ళూ లేరు. పిల్లలు టైము లేదంటారు. ఎళిల్‌వేందన్ కొడుకు పార్టీలో తండ్రి కన్నా పెద్దవాడయ్యాడు, అతనూ మైకులో టైమ్ అనే అంటాడు. అటు మదనపల్లెలోనూ టైమే, ఇటు గుడియాత్తంలోనూ టైమే. ఆ రోజు మేము చేసిన పొరపాటు ఇప్పుడు ఎవరైనా చేద్దామన్నా కుదరదు. ఫోన్లలో ఆటలు చూస్తాను. అందులో కాలం అంకెగా కూడా ఉండదు, సన్నటి గీత ఒకటి తనంతట తాను తరిగిపోతుంది. మిగిలిపోయే సున్నాలు లేవు, తుడవాల్సింది ఏమీ లేదు. నయమే. కాని ఆ గీతలో ఇద్దరు మనుషులు పోట్లాడుకోవడానికి చోటెక్కడుంది? నాకు తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక వసంత నేర్పింది. పలక మీదే నేర్పింది. తుడవకుండా పైన రాస్తే వేళ్ళ మీద కొట్టేది.

ఆ సాయంత్రం బస్సు పోయాక కూడా కరెంటు చాలాసేపు రాలేదు. అప్ప ఇంటికి వెళ్ళిపోయాడు. ఎళిల్‌వేందన్ కిందికి పోయి తమిళంలోకి మారిపోయాడు. నేను ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని, దుమ్ములో ఆమె వేలి గీతల్ని చూస్తూ నా వాదనే సరైందని ఇంకో రెండు రకాలుగా నిరూపించుకున్నాను. ముందు పెట్టినా సరిపోతుంది. ఇప్పటికీ అదే అంటాను. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ప్రోగ్రాములో ఆ చోటు వెతికి, ఖాళీ వెనకే పెట్టాను.